పటం కట్టే పని వదలకండి

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర ఒక ఊరు. వయసు ఇరవై ఏడు. బీకాం అయ్యాక మా మేనమామ ఫొటో స్టూడియోలో పనిచేస్తున్నాను. సీజనులో పెళ్లిళ్లు, మిగతా రోజుల్లో పాస్‌పోర్టు ఫొటోలు, లామినేషన్, చనిపోయినవాళ్ల ఫొటోలు పెద్దవి చేసి పటం కట్టడం. ఆధార్ కార్డులోని ముఖానికి కంప్యూటర్‌లో కోటు తొడిగి, వెనక నీలం రంగు వేసి ఇస్తాం. ఈ పని చేసి చేసి విసుగొచ్చింది. ఫైన్ ఆర్ట్ ఫొటోగ్రాఫర్ కావాలని నా కోరిక. స్టూడియో మానేసి హైదరాబాద్ వెళ్లి కోర్సులో చేరాలా? మూడు లక్షలు అప్పు చేసైనా మంచి కెమెరా కొనమని స్నేహితులు అంటున్నారు. ‘గోడకు తగిలించే ఫొటోకు డబ్బు ఎవరిస్తారు’ అని మామయ్య కోప్పడుతున్నారు. నేను తీసిన పది ఫొటోలు పంపుతున్నాను. నాకు ఆ అర్హత ఉందో లేదో చెప్పండి. – ఒక పాఠకుడు, నల్లగొండ జిల్లా

సమాధానం: మీ మామయ్య మాటతోనే మొదలుపెడతాను. గోడకు తగిలించే ఫొటోకు డబ్బు ఎవరిస్తారని ఆయన అడుగుతున్నారు. ఆయన స్టూడియో అద్దెలో, మీ జీతంలో కొంత భాగం వస్తున్నదే గోడకు తగిలించే ఫొటోల మీద. ఊళ్లో ఎవరు పోయినా కర్మకాండ నాటికి పటం సిద్ధంగా ఉండాలి. ఆ పటానికి బేరమాడేవాళ్లు కూడా తక్కువే. ఈ మాట తీసుకెళ్లి ఆయనతో వాదన పెట్టుకోకండి. మీరు ఒక్క వాక్యంలో దాటేసిన పని దగ్గర నేను ఆగిపోయాను కాబట్టి చెబుతున్నాను. దాని సంగతి కాసేపట్లో. ముందు మీ పది ఫొటోలు.

చేయి తిరిగిన పని. వెలుగు లెక్క తప్పలేదు, ఫోకస్ ఉండాల్సిన చోటే ఉంది. తలంబ్రాలు గాలిలో ఉన్న అర సెకనును పట్టుకోవడం నేర్చినవాళ్లకు ఇదేమీ కష్టం కాదు. కానీ ఏం తీశారో చూడండి. నాగార్జునసాగర్ గేట్లు ఎత్తినప్పటి తెల్లటి నురగ, సోమశిల దగ్గర కృష్ణ మీద సూర్యాస్తమయం, మహబూబ్‌నగర్ పిల్లలమర్రి చెట్టు ఊడలు, తలపాగా చుట్టిన ముసలాయన ముడతల ముఖం. మీరు తీయకపోయినా ఈ ఫొటోలు ఉన్నాయి. సాగర్ గేట్లు ఇరవై ఆరూ ఎత్తిన రోజున డ్యామ్ దగ్గర ఎన్ని ఫోన్లు పైకి లేస్తాయో మీకు తెలియనిది కాదు. పిల్లలమర్రి విషయంలోనైతే, 2018లో చెదలు పట్టిన కొమ్మలకు సెలైన్ సీసాలు వేలాడదీసి మందు ఎక్కించిన దృశ్యం దేశమంతా చూసింది. ఆ తర్వాత కూడా మీ ఫొటోలో ఆ చెట్టు క్యాలెండరు మీద చెట్టులాగే ఉంది. దానికి జబ్బు చేసిందన్న ఆనవాలే లేదు.

పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం ఫొటో చూసి మాత్రం నాకు కాస్త చిరాకు వేసింది. గర్భగుడిలో లింగం మీద పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కదలకుండా నిలిచే స్తంభపు నీడ ఉన్న గుడి అది. వెలుతురుతో పనిచేసేవాళ్లు రోజంతా కూర్చోదగ్గ చోటు. బయట ఎండ తిరుగుతూ ఉంటుంది, మండపంలో మిగతా నీడలన్నీ దానితోపాటు జరుగుతూ ఉంటాయి, లోపల అదొక్కటి ఉన్నచోటే ఉంటుంది. ఎందుకుంటుందో తెలుసుకోవాలని మీకు అనిపించలేదా? ఫొటో ఫైలులో తీసిన సమయం కూడా నమోదై ఉంటుంది. అక్కడ తీసిన రెండు ఫొటోలకు మధ్య పది నిమిషాలు కూడా లేవు.

ఇక మర్రిగూడ వైపు తీసిన, ఫ్లోరోసిస్ (నీటిలోని ఫ్లోరైడ్ వల్ల ఎముకలు వంగే జబ్బు) ఉన్న పాప ఫొటో. వంకర తిరిగిన కాళ్లు, వెనక మట్టిగోడ, నలుపు తెలుపులో. ఆ ప్రాంతానికి ఎన్నో ఏళ్లుగా కెమెరాలు వస్తున్నాయి, ఆ కాళ్లనే తీసుకుని వెళుతున్నాయి. పటిక, సున్నం కలిపి నీటిలో ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతికి ప్రపంచంలో ‘నల్గొండ టెక్నిక్’ అని మీ జిల్లా పేరే స్థిరపడింది. ఆ పక్కనే పుట్టి పెరిగిన మీరు కూడా బయటివాళ్లు చూసినట్టే చూస్తే ఎలా? ఆ పాప పేరేమిటి, ఇప్పుడు ఏ నీళ్లు తాగుతోంది, ఫొటో తీయించుకోవడం తనకు ఇష్టమేనా? మీ ఉత్తరంలో వీటి గురించి ఒక్క ముక్క లేదు. ఆ ఫొటోను ఏ పోటీకీ పంపకండి. వెళ్లి ఒక ప్రింటు వాళ్ల ఇంట్లో ఇచ్చి రండి. అక్కడ కూర్చుని మాట్లాడాక మళ్లీ తీయాలనిపిస్తే అప్పుడు ఆలోచించవచ్చు.

అర్హత సంగతి అడిగారు. ఈ రంగంలో అర్హత పత్రం ఇచ్చేవాళ్లెవరూ లేరు. పెళ్లి ఫొటోలో ప్రశ్న ఎదుటివాళ్లది, జవాబు మీది. పెళ్లికూతురు బాగా కనిపించాలి, పెద్దనాన్న ఏ ఫొటోలోనూ తప్పిపోకూడదు, అంతే. ఫైన్ ఆర్ట్‌లో ప్రశ్న కూడా మీరే తెచ్చుకోవాలి. దాన్ని పట్టుకుని ఏళ్ల తరబడి ఉండగలగాలి. గౌరీ గిల్ అనే ఫొటోగ్రాఫర్ 1999 నుంచి రాజస్థాన్ పల్లెలకు మళ్లీ మళ్లీ వెళుతూ పనిచేశారు. 2003లో లూణ్‌కరణ్‌సర్‌లో ఆడపిల్లల మేళా జరిగితే అక్కడ ఒక ఫొటో స్టాలు పెట్టి, వచ్చిన అమ్మాయిలు ఎలా నిలబడతామంటే అలా తీశారు. మన జాతరలో ఫొటో స్టాలు పెట్టినట్టే! అదే ఎడారి పల్లెల పనికి 2023లో ప్రీ పిక్తే అనే అంతర్జాతీయ బహుమతి వచ్చింది. 1999కీ 2023కీ మధ్య దూరం చూసుకోండి. ఒక్క అద్భుతమైన ఫొటో కోసం మీరు తిరుగుతున్నారు. గ్యాలరీవాళ్లూ, పుస్తకాలు వేసేవాళ్లూ ముందుగా అడిగేది మాత్రం ఇదే: ఈ మనిషి దేనితో ఇన్నాళ్లు ఉన్నాడు?

మీరు దేనితో ఇన్నాళ్లు ఉన్నారు? పటాలతో.

ఒక మనిషి పోతాడు. కొడుకు ఆధార్ కార్డు పట్టుకుని వస్తాడు. అందులో ముఖం బొటనవేలి గోరంత. అదీ ఏ కేంద్రంలోనో వెబ్‌క్యామ్‌తో తీసింది, కళ్లు సగం మూసి ఉంటాయి. అది కూడా లేకపోతే ఎవరిదో పెళ్లి గ్రూపు ఫొటో తెస్తారు. మనిషి మూడో వరుసలో ఉంటాడు, సగం చెంప పక్కవాళ్ల భుజం వెనక. మీరు ఆ ముఖాన్ని స్కాన్ చేసి, మెడ దగ్గర కత్తిరించి, కంప్యూటర్‌లో సిద్ధంగా ఉన్న కోటు మీద అతికిస్తారు. ఎండకు నల్లబడ్డ ముఖం, కింద ఎవరో మోడల్ తెల్లటి మెడ. అతుకు కనపడకూడదు కాబట్టి ముఖాన్నే తెల్లబరుస్తారు. ముత్తైదువగా పోయిన ఆవిడకు బొట్టు పెద్దది చేయమంటారు. భర్త ముందే పోయిన ఆవిడకైతే బొట్టు ఉంచాలా తీసేయాలా అని కూతురూ కోడలూ మీ కౌంటరు దగ్గరే తేల్చుకోలేక నిలబడతారు. ముంబైకి పనికి వెళ్లి అక్కడే పోయిన మనిషికి, వెళ్లే ముందు మీ దగ్గరే తీయించుకున్న పాస్‌పోర్టు సైజు ఫొటో తప్ప మరొకటి ఉండకపోవచ్చు. ఇదంతా మీకు నిద్రలో కూడా వచ్చు. విసుగు అందుకే.

బతికినన్నాళ్లు పంచె, బనియనుతో పొలంలో ఉన్న మనిషి, పోయాక నీలం ఆకాశం ముందు కోటు వేసుకుని గోడ ఎక్కుతాడు. ఎందుకు? కోటు కావాలని కుటుంబం అడిగిందా, లేక మీ ఫోల్డర్‌లో ఉన్నది అదేనా? ఒకే కోటు మండలంలో ఎన్ని గోడల మీద ఉంది? ఈ ప్రశ్నలు నాకు తోచినవి. మీకు ఇంతకంటే మంచివి తోస్తాయి, ఎందుకంటే మౌస్ పట్టుకుని ఆ కోటు తొడిగింది మీరు. హైదరాబాద్ నుంచి వచ్చే ఏ ఫొటోగ్రాఫర్‌కీ ఈ పని లోపలి నుంచి తెలియదు.

మాలి దేశంలో, బమాకో నగరంలో సేదూ కేటా అనే ఆయన 1948లో స్టూడియో తెరిచారు. మీలాగే ఊరివాళ్లకు ఫొటోలు తీసి బతికినవాడు. ఫిల్ము ఖరీదు కాబట్టి మనిషికి ఒక్కటే ఫొటో. మొదట్లో వెనక తెరగా కట్టింది తన మంచం మీది దుప్పటి. వచ్చినవాళ్లకు తొడగడానికి స్టూడియోలో మూడు సూట్లు, టైలు, బూట్లు, టోపీ ఉంచేవారు. చేతి గడియారం, రేడియో కూడా ఇచ్చి కూర్చోబెట్టేవారు. అంటే మీ కంప్యూటర్ కోటు ఆయన దగ్గర నిజం కోటు! 1991లో ఆయన ఫొటోలు న్యూయార్క్‌లో ప్రదర్శనకు పెట్టినప్పుడు ‘ఫొటోగ్రాఫర్ పేరు తెలియదు’ అని రాశారు. మూడేళ్లకు, 1994లో, పారిస్‌లో ఆయన ఒక్కడి ఫొటోలతోనే ప్రదర్శన జరిగింది. ఈ కథ ఊరించడానికి చెప్పడం లేదు. స్టూడియో నడపడం ఒక పని, కళ ఇంకో పని అని మీరు గీసుకున్న గీత ఎంత పలచనిదో చూడమంటున్నాను. మన దగ్గరే, మహబూబ్‌నగర్‌కు ఎవరి పేరు పెట్టారో ఆ ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ మొదట ఇందోర్‌లో ప్రభుత్వ పనుల శాఖలో నక్షాలు గీసే ఉద్యోగి. ఆ ఉద్యోగంలో ఉండగానే 1874 ప్రాంతంలో కెమెరా పట్టారు. ఆయన తీసినవాటిలో ఎక్కువ భాగం ఎవరో అడిగితే తీసినవే.

మొదలెలా పెట్టాలి? కంప్యూటర్ దగ్గర కాదు, ఇళ్లల్లో. మీరు కట్టిన పటం ఇప్పుడు ఎక్కడ ఉందో వెళ్లి చూడండి. గడియారం పక్కనా, కరెంటు మీటరు కిందా, దేవుడి పటాల వరుసలోనా, టీవీ మీదా? ప్లాస్టిక్ దండకు దుమ్ము పట్టిందా, అద్దం మీద పెట్టిన కుంకుమ చెదిరిందా, సీరియల్ బల్బు వెలుగుతోందా? పెత్రమాసకు, అంటే పెద్దల అమావాస్యకు, ఆ పటాలను దించి, తుడిచి, బొట్టు పెడతారు. ఆ రోజు ఇంట్లోవాళ్లు పటంతో ఎలా మెలుగుతారో చూడండి. కెమెరా స్టాండు మీద పెట్టండి, ఫ్లాష్ వాడకండి. అద్దంలో తలుపు వెలుగు పడుతుంది, మీరూ కనపడతారు. పెళ్లి ఆల్బమ్‌లో అది తప్పు. ఇక్కడ కొన్ని అలాగే ఉండనివ్వండి, కొన్నిటికి అద్దం మీది మెరుపును తగ్గించే పోలరైజర్ ఫిల్టరు పెట్టి తీయండి, తర్వాత రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. పటం కింద ఆ ఇంటివాళ్లను నిలబెట్టి తీయాలని వెంటనే అనిపిస్తుంది. అందరికీ వచ్చే ఆలోచన అదే, కాబట్టి మొదటి విడతలో మానుకోండి. మీ కంప్యూటర్‌లోని కోట్ల ఫోల్డర్ కూడా ఉంది కదా, తలల్లేని కోట్లు వరసగా. నాకైతే ఆ తెరను చూడాలని ఉంది.

మామయ్య దగ్గర పాత నెగెటివ్‌లు మిగిలి ఉంటే వాటిని అటక మీద ప్లాస్టిక్ సంచుల్లో మగ్గనివ్వకండి. వేడికీ తేమకూ బూజు పడుతుంది. కాగితపు కవర్లలోకి మార్చి, కవరు మీద సంవత్సరం, ఊరు రాయించండి. ఆయనకు గుర్తున్నది ఆయనతోనే రాయించాలి. మధ్యప్రదేశ్‌లోని నాగ్దా పట్టణంలో సురేశ్ పంజాబీ నడిపిన సుహాగ్ స్టూడియో నెగెటివ్‌లను క్రిస్టఫర్ పిన్నీ అనే మానవశాస్త్రవేత్త వెతికి పట్టుకుంటే అవి పుస్తకమై లోకానికి తెలిశాయి. మీ మామయ్య డబ్బాల్లో ఏముందో తెరిచేదాకా ఎవరికి తెలుసు? ఈ పని మీదపడితే ఆయన కోపం కూడా కొంత తగ్గుతుందని నా అంచనా.

అనుమతి విషయంలో మాత్రం ఖచ్చితంగా ఉండండి. 1957 నాటి కాపీరైట్ చట్టం, 17వ సెక్షన్ ప్రకారం, డబ్బు తీసుకుని ఎవరి కోరిక మీదైనా ఫొటో తీస్తే, వేరే ఒప్పందం లేనప్పుడు దాని మొదటి హక్కుదారు డబ్బిచ్చినవారే. అంటే మీరు తీసిన పెళ్లి ఫొటోలు మీవి కావు. మీ సొంత ఆలోచనతో తీసినవి మీవి, 2012 సవరణ తర్వాత వాటికి మీ జీవితకాలం, ఆపైన అరవై ఏళ్ల రక్షణ ఉంది. చట్టం సరే, మనుషుల మాటేమిటి? కస్టమర్లు ఇచ్చిన ఆధార్ ముఖాలు నమ్మకంతో ఇచ్చినవి. ఇంటివాళ్లకు పటం చూపించి, ఎక్కడ పెడతారో చెప్పి, తెలుగులో ఒక పేజీ రాసుకుని, చదివి వినిపించి సంతకం తీసుకోండి. వద్దన్న ఇంట్లో టీ తాగి వచ్చేయండి. సరేనన్న ఇంటికి ఒక మంచి ప్రింటు ఇవ్వండి.

సమయం లేదని అనకండి. పెళ్లి ఫొటోగ్రాఫరుకు ఉన్నంత తీరిక ఏ గుమాస్తాకూ లేదు. ఆషాఢం, పుష్యం, మూఢం రోజులు... పంచాంగమే మీకు సెలవులు ఇస్తోంది. స్టూడియో మానేయాల్సిన అవసరం నాకు కనపడటం లేదు. మానేస్తే మీ విషయం మీ చేతిలోంచి పోతుంది కూడా.

కెమెరాకు అప్పు అసలే వద్దు. మీ దగ్గరున్న ఇరవై నాలుగు మెగాపిక్సెల్ కెమెరా 6000 అడ్డం, 4000 నిలువు చుక్కలు ఇస్తుంది. అంగుళానికి 300 చుక్కల లెక్కన ఇరవై అంగుళాల వెడల్పు, పదమూడు అంగుళాల పైచిలుకు ఎత్తు ప్రింటు నిక్షేపంగా వస్తుంది. మొదటి ప్రదర్శనకు అంతకు మించి అవసరం లేదు. డబ్బు పెట్టాల్సింది ప్రింటు మీద. మీ స్టూడియోలో వాడే మెరుపు కాగితం కాకుండా, పూర్తి పత్తి కాగితం మీద పిగ్మెంట్ ఇంకుతో తీసిన ప్రింటు ఒక్కటి హైదరాబాద్‌లో చేయించి చేత్తో పట్టుకుని చూడండి. నలుపు ఎంత లోతుగా ఉంటుందో అప్పుడు తెలుస్తుంది. మామూలుగా చూసుకోవడానికి పోస్టుకార్డు సైజు ప్రింట్లు చాలు. నేల మీద పరిచి, తీసేస్తూ, జరుపుతూ రెండు వందల్లోంచి ఇరవైకి రండి. తీయడం కంటే ఈ తీసేయడమే కష్టం. ఇందులో మీ మామయ్య సాయం తీసుకోకండి, ఆయన ముఖం బాగా వచ్చిన ఫొటోలే ఉంచమంటారు.

చదువు కావాలనుకుంటే, హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో ఫొటోగ్రఫీలో నాలుగేళ్ల బీఎఫ్‌ఏ ఉంది, దానికి ప్రవేశ పరీక్ష రాయాలి. మీకు డిగ్రీ ఉంది కాబట్టి గాంధీనగర్‌లోని ఎన్‌ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్)లో ఫొటోగ్రఫీ డిజైన్ పీజీకీ ప్రయత్నించవచ్చు. ఈ పని ఒక రూపానికి వచ్చాక వెళితే ఎక్కువ ఉపయోగం. వారాంతపు సర్టిఫికెట్ కోర్సులు నేర్పేది మీకు ఎప్పుడో వచ్చు.

డబ్బు సంగతి దాపరికం లేకుండా చెబుతాను. ప్రింట్లు అమ్మి మాత్రమే బతికే ఫైన్ ఆర్ట్ ఫొటోగ్రాఫర్లు మన దేశంలో చాలా తక్కువ. మిగతావాళ్లు పాఠాలు చెబుతారు, పత్రికలకూ సంస్థలకూ పనిచేస్తారు, పెళ్లిళ్లు కూడా తీస్తారు, కాకపోతే బయటికి చెప్పుకోరు. గ్యాలరీ అమ్మితే ధరలో సగం దాకా వాళ్లే ఉంచుకోవడం మామూలు. ఒక ఫొటోకు ఇన్నే ప్రింట్లు అని ముందే నిర్ణయించి, ప్రతిదాని మీద 1/10, 2/10 అని అంకె వేసి సంతకం చేస్తారు. పది అన్నాక పదకొండోది తీయకూడదు, అంతకు మించి ఆ అంకెలో మహత్యం లేదు. ఎంట్రీ ఫీజు కట్టించుకుని, పాల్గొన్న అందరికీ పతకం లాంటిది పంపే పోటీల జోలికి వెళ్లకండి. బెంగళూరులోని ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ ఇచ్చే గ్రాంట్లకు మన భాషలోనే దరఖాస్తు రాసుకోవచ్చు. మీ ఉత్తరంలో కోటు గురించి రాసిన వాక్యం ఎంత బాగుందో, అలాగే రాయండి. ఈలోగా హైదరాబాద్ మాదాపూర్‌లోని స్టేట్ ఆర్ట్ గ్యాలరీకి వెళ్లి వస్తూ ఉండండి. 2015 నుంచి నడుస్తున్న ఇండియన్ ఫొటో ఫెస్టివల్ ప్రదర్శనలు అక్కడ చూడవచ్చు. గోడ మీద ఫొటోకూ ఫొటోకూ మధ్య ఎంత ఖాళీ వదిలారో, ఏ సైజు తర్వాత ఏ సైజు పెట్టారో గమనించండి. మీ మొదటి ప్రదర్శన మాత్రం దేవరకొండలోనే పెట్టమంటాను. ఆ పటాలు ఎవరివో, వాళ్లు నడిచి వచ్చి చూడగలిగే చోట, ఏ ఫంక్షన్ హాలైనా సరే. అక్కడ వాళ్లు తిట్టినా మెచ్చుకున్నా మీకు పనికొస్తుంది.

ముందు ఐదారు ఇళ్లతో మొదలుపెట్టండి. తీసినవాటిలో మీకు నచ్చినవీ, ఎందుకు తీశారో మీకే అర్థం కానివీ కలిపి చిన్న ప్రింట్లు పోస్టులో పంపండి. ఫోనులో వద్దు, ఆ తెర మీద అన్నీ బాగానే కనిపిస్తాయి.